ఇంటీరియర్ డిజైనర్ పని అలంకరణతో ముగుస్తుందా?
ఇంటీరియర్ డిజైన్ అంటే రంగులు, కర్టెన్లు ఎంచుకోవడమేనా అన్న ప్రశ్నకు సూటి జవాబు, కాదు. ఆ గదిలో మసలే మనుషుల భద్రత, ఆరోగ్యం కూడా డిజైనర్ బాధ్యతే. చక్రాల కుర్చీ పూర్తిగా తిరగాలంటే సుమారు 150 సెంటీమీటర్ల వ్యాసం గల ఖాళీ స్థలం కావాలి. స్నానాల గదిలో అది లేకపోతే, ఎంత ఖరీదైన టైల్స్ పరిచినా, ఆ కుర్చీలోని మనిషికి ఆ గది ఉండీ లేనట్టే. కంటికి కనబడని సంగతులూ ఉన్నాయి. ఎండీఎఫ్ వంటి చెక్క బోర్డుల తయారీలో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది కనుక, అది తక్కువగా వెలువడే రకాన్ని ఎంచుకోవడం కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. అగ్నిప్రమాదంలో బయటపడే దారికి అడ్డంగా అల్మరా పెట్టమని యజమాని కోరినప్పుడు, అతడే ఫీజు ఇచ్చేవాడైనా సరే, కుదరదని చెప్పడం కూడా ఈ వృత్తిలో భాగమే.