పెట్టలు సరిగ్గా గుడ్లు పెట్టట్లేదన్న గుణుపురం చెల్లికి

చెల్లీ, దీపావళి దాటినప్పటి నుంచి ఐదు నాటు పెట్టలూ నాలుగు రోజులకో గుడ్డు పెడుతున్నాయని, ఒకటి ఈకలు రాలుస్తోందని, ఇంకొకటి గంప దిగట్లేదని రాశావు. జబ్బేమోనని భయపడకు. మా పర్లాకిమిడిలోనూ చలికాలం ఇంతే. బాగా పెట్టాలంటే రోజుకి 14 గంటల వెలుగు కావాలి. ఇప్పుడు మనకి పగలు 11 గంటలే. ఈకలు రాల్చేదానికి తిన్నదంతా కొత్త ఈకలకే పోతుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టు.

గంప దిగనిది పొదుగుకొచ్చింది. చెయ్యి పెడితే ఒళ్లు ఉబ్బించి కుర్రుమంటుంది, పొట్ట కింద వేడిగా, ఈకలు ఊడి ఉంటుంది చూడు. పది పదిహేను గుడ్లు పెట్టి పొదగడం నాటు పెట్ట నైజం, దాన్ని కొట్టకు. పిల్లలు కావాలంటే గుడ్లు వేసి 21 రోజులు కూర్చోబెట్టు. వద్దనుకుంటే గడ్డి తీసేసి, గాలాడే బుట్టలో నాలుగు రోజులు ఉంచు. నీళ్లు, మేత మాత్రం మానకు.

మిగతా మూడింటికీ ఒట్టి నూకలు చాలవమ్మా. బూజు పట్టని వేరుశనగ చెక్క, చెదపురుగులు కలుపు. గుడ్డు పెంకులు దంచి పక్కన చిప్పలో పెట్టు.

అన్నిటికంటే ముందు గడ్డికుప్ప వెనక వెతుకు. మా నల్ల పెట్ట ఆగిపోయిందనుకున్న రెండు వారాలకి కుప్ప సందులో తొమ్మిది గుడ్లు దొరికాయి.