నవ్వు రాని సంవత్సరాలు

ప్రియమైన తమ్ముడికి,

అమెరికా హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు, కాని పన్నెండు పేజీల్లో తొమ్మిది అతని కీర్తికే ఇచ్చి, అంతకు ముందరి ఏళ్లను ఒక్క పేరాలో దాటేశావు. నాకు బాధ కలిగించింది అదే.

1945లో పుట్టిన అతను పదేళ్ల వయసులో డిస్నీల్యాండ్‌లో గైడు పుస్తకాలు అమ్మాడని రాసి ఊరుకున్నావు. ఆ తరువాత అక్కడే గారడీ సామాన్ల దుకాణంలో కౌంటరు వెనుక నిలబడి, వచ్చిన వాళ్లందరికీ అవే విద్యలు పదే పదే చేసి చూపించిన కుర్రవాడు నీ వ్యాసంలో కనబడాలి. జోకు చివర నవ్వించే మాట, అంటే పంచ్‌లైన్, వినగానే జనం అలవాటుకొద్దీ నవ్వుతున్నారని అతను కనిపెట్టడం, అసలు పంచ్‌లైనే ఇవ్వకపోతే ఎవరికి వారు ఎక్కడ నవ్వుతారో చూద్దామని తెగించడం ఇంకా ముఖ్యం. ఒక కళాశాలలో ప్రదర్శన అయిపోయినా విద్యార్థులు కదలకపోతే, అతను వాళ్ల మధ్యనుంచే బయటికి నడిచాడు, వాళ్లూ వెంటపడ్డారు, దారిలో నీళ్లు లేని ఈతకొలను కనబడితే అందరినీ అందులోకి దిగమని చెప్పి, వాళ్ల తలల మీదుగా ఈదుకుంటూ పోయాడు. ఈ ఒక్క ఘట్టానికి రెండు పేజీలు ఇచ్చినా ఎక్కువ కాదు, ఎందుకంటే అతని హాస్యం దేనిమీద నిలబడిందో ఇక్కడ కళ్లకు కడుతుంది: తరువాత ఏం జరుగుతుందో చూసేవాడికి తెలియకూడదు.

1969లో టెలివిజన్ రచనకు వచ్చిన ఎమ్మీ పురస్కారం, 1977, 1978లలో వెలువడిన హాస్య ఆల్బంలకు దక్కిన గ్రామీ పురస్కారాలు రెండు వాక్యాలలో సరిపోతాయి.

1981లో అతను స్టాండప్, అంటే వేదిక మీద ఒంటరిగా నిలబడి మాటలతో నవ్వించడం, మానేయడాన్ని నువ్వు అలసటగా తేల్చేశావు. అలసట ఉన్నమాట నిజమే, కాని అంతటితో ఆగకు. ఇరవై వేల మంది కూర్చున్న చోట చివరి వరుసలకు కూడా కనబడాలని తెల్ల సూటు వేసుకున్నవాడు, కనుబొమ్మ కదిపి నవ్వించడం ఇక సాధ్యం కాదని గ్రహించే ఉంటాడు. పైగా ఆ జనానికి అతని మాటలు ముందే కంఠతా వచ్చు. అతను నోరు తెరవకముందే కేకలు, చప్పట్లు. ఏమీ తెలియని ప్రేక్షకుల కోసం ఇన్నేళ్లు కట్టుకున్న విద్యకు, అన్నీ తెలిసిన ప్రేక్షకుల ముందు పని లేకుండా పోయింది. విరమణకు బీజం ఆ ఈతకొలను దగ్గరే ఉందని పాఠకుడికి తోచేలా రాయగలిగితే, నీ వ్యాసం రెండు ముక్కలుగా విడిపోదు.

దశాబ్దాల తరువాత మరో హాస్యనటుడు మార్టిన్ షార్ట్‌తో కలిసి మళ్లీ వేదిక ఎక్కిన సంగతి చివర్లో ఒక్క మాటగా చెప్పు. దాన్ని విజయగాథగా సాగదీయకు.

మొత్తం తిరగరాసే తొందరలో పడకు. ముందుగా ఆ ఈతకొలను ఘట్టం ఒక్కటే రాసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య