మా పాపను మళ్లీ ఆ గేటు దగ్గరికి తీసుకెళ్లాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. పదిహేనేళ్లుగా అమెరికాలో, డాలస్ దగ్గర ఉంటున్నాం. పిల్లలు కలగకపోవడంతో 2017లో వరంగల్‌లోని ఒక శిశుగృహ నుంచి ఇరవై నెలల పాపను దత్తత తీసుకున్నాం. ఇప్పుడు పాపకు పదేళ్లు. దత్తత సంగతి చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాం. ఈసారి బతుకమ్మకు ఇంటికి వస్తున్నాం. "నేను ఉన్న ఇల్లు చూపించండి, నన్ను ఎత్తుకున్న ఆంటీలను చూడాలి" అని పట్టుబట్టింది. మా అత్తమ్మకు ఇది అస్సలు ఇష్టం లేదు. ఆరోజు పాపను తీసుకురావడానికి మాతో వచ్చిన ఆవిడే ఇప్పుడు "మానిన పుండును మళ్లీ గెలుకుడు ఎందుకు బిడ్డా" అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. అక్కడ ఏడిస్తే? కన్నతల్లి ఎవరని అక్కడే అడిగితే? పెంచలేనివాళ్లు బిడ్డను ఉంచి వెళ్లేందుకు ఒక ఆసుపత్రి దగ్గర పెట్టిన ఊయలలో పాప దొరికిందని మాత్రమే మాకు తెలుసు. ఆ ముక్క ఇంకా పాపకు చెప్పలేదు.

జవాబు: తీసుకెళ్లండి. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది కాస్త నెమ్మదిగా చదువుతారని.

మీ అత్తమ్మ పుండు అన్నారు. పాప మాత్రం ఇల్లు చూపించమంది, ఆంటీలను చూడాలంది. ఆ మాటల్లో నాకు ఎక్కడా పుండు కనిపించలేదు. భయం పెద్దవాళ్లది. పాప ఏడుస్తుందన్న భయమేనా, లేక అక్కడి నుంచి వచ్చాక మిమ్మల్ని చూసే చూపు మారుతుందేమోనన్న భయమా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. కానీ నా దగ్గరికి వచ్చే దత్తత తల్లులు గంటసేపు ఏవేవో మాట్లాడి, చివర్లో చెప్పులు వేసుకుంటూ బయటపెట్టేది ఆ మాటే. అందుకే అడిగాను.

మీరు ఎత్తుకునేనాటికే పాపకు ఇరవై నెలల జీవితం ఉంది. మొదటి పన్ను అక్కడే వచ్చింది. మొదటి అడుగు అక్కడే పడి ఉంటుంది. ఎవరో ఒకావిడ రాత్రిళ్లు జోకొట్టింది. దత్తత ఇచ్చేటప్పుడు బిడ్డ ఫోటోలు, అలవాట్లు ఉన్న ఆల్బం ఒకటి కుటుంబానికి ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. మీకు ఇచ్చి ఉంటే బీరువాలోంచి తీసి పాప చేతికి ఇవ్వండి. ప్రయాణం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక ఊయల సంగతి. అది మీరు విమానం ఎక్కకముందే, మీ ఇంట్లో, మీ నోటితో చెప్పాలి. అక్కడ ఏ ఆయానో "పాపం, ఎవరో ఇడిసిపెట్టి పోయిన్రు" అని నోరు జారితే, పాప ఆ మాటను మొదటిసారి పరాయివాళ్ల ద్వారా విన్నట్టవుతుంది. తెలుగు సరిగా రాదు కదా అనుకోకండి. మొహాలు చదవడానికి ఏ భాషా అక్కర్లేదు.

చెప్పేటప్పుడు "వదిలేశారు" అనకండి. అలాగని "నీ మీద ప్రేమతోనే పెట్టింది" అని కథా అల్లకండి. ఆ తల్లి మనసులో ఏముందో మనకు తెలియదు. తెలిసింది ఇంతే: మనుషులు తిరిగే చోట, ఇలాంటి పిల్లల కోసమే పెట్టిన ఊయలలో పాపను ఉంచారు. ఉంచింది ఎవరో మీకూ తెలియదు. తెలియదనే చెప్పండి.

ఇంకొక నిజం కూడా ఉంది, దాన్ని చాలామంది తల్లిదండ్రులు మర్చిపోతారు. ఇలా దొరికిన బిడ్డను వెంటనే ఎవరికీ ఇచ్చేయరు. ఫోటోతో పేపర్లో ప్రకటన వేస్తారు, అయినవాళ్ల కోసం వెతుకుతారు. రెండేళ్లలోపు పిల్లలైతే చట్టం దానికి రెండు నెలల వరకు గడువు ఇస్తుంది. ఎవరూ రాకపోతేనే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డను దత్తతకు ఇవ్వొచ్చని తేలుస్తుంది. ఆ పేపర్ కటింగ్ ఫైల్లో ఉంటే జిరాక్స్ ఇవ్వగలరేమో అడగండి. అది చూశాక "మరి నా కోసం ఎవరూ రాలేదా?" అని పాప అడగొచ్చు. "రాలేదు నాన్నా" అని చెప్పి కాసేపు ఊరుకోండి. "కానీ మేం వచ్చాం కదా" అని వెంటనే అతికించకండి. ఆ ఖాళీలో పాపకు బాధ కలుగుతుంది. ఆ బాధపడే హక్కు పాపకు ఉంది. మీరు పక్కన కూర్చుంటే చాలు.

కన్నతల్లిని వెతకడం వేరే విషయం. దాన్ని ఈ ప్రయాణంతో కలపకండి. నిబంధనల్లో దాన్ని రూట్ సెర్చ్ అంటారు. పద్దెనిమిదేళ్లు నిండాక పాప సొంతంగా, అంతకు ముందైతే మీతో కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కన్నవాళ్ల గోప్యతకు భంగం కలగకుండా మాత్రమే ఏదైనా చెబుతారు. మూడో మనిషి వెళ్లి ఆరా తీస్తానంటే ఒప్పుకోరు, మీ చుట్టాల్లో ఎవరికి ఏ ఆఫీసులో ఎంత పరిచయం ఉన్నా సరే. పైగా ఊయలలో దొరికిన బిడ్డ ఫైల్లో పేర్లు ఉంటాయన్న ఆశ తక్కువ. పాప అడిగితే ఈ మాట కూడా దాచకండి.

మీ అత్తమ్మను ఒప్పించడానికి వాదన పెట్టుకోవద్దు. ఆరోజు ఆవిడ మీతో వచ్చారని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆ ముక్కే. పాపకు ఏ రంగు గౌను వేసి ఇచ్చారు, కారులో ఎవరి ఒళ్లో పడుకుంది, ఇంటికి రాగానే ఏం తిన్నది, ఇవన్నీ నాయనమ్మకు మీకంటే బాగా గుర్తుంటాయి. వీడియో కాల్‌లో పాపతోనే అడిగించండి. వద్దన్న మనిషే కథ చెప్పడం మొదలుపెడతారు. నేనైతే ఆవిడను శిశుగృహకు రమ్మని బలవంతం చేయను. వస్తానంటే వద్దనను.

వెళ్లడం అంటే నేరుగా గేటు ముందు ఆటో దిగడం కాదు. చాలా ముందుగానే అనుమతి అడగాలి. అప్పట్లో మీ హోమ్ స్టడీ (దత్తతకు ముందు ఇల్లు, కుటుంబం చూసి రిపోర్టు రాయడం) చేసిన అమెరికా ఏజెన్సీ ద్వారా ఉత్తరం రాయించినా మంచిదే. కోర్టు ఇచ్చిన దత్తత ఉత్తర్వు కాపీ దగ్గర పెట్టుకోండి. ఒక చిన్న చిక్కు ఉంది: 2017 నాటి మీ కాగితాల్లో వరంగల్ అర్బన్ జిల్లా అని ఉండొచ్చు. 2021లో ఆ జిల్లా హనుమకొండ జిల్లాగా మారింది. మీ ఫైలు ఇప్పుడు ఏ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఉందో ముందే కనుక్కుంటే, పండగ పూట రెండు ఆఫీసుల మధ్య తిరిగే బాధ తప్పుతుంది.

పాపకు ఒక మాట ముందే చెప్పాలి. శిశుగృహలో ఆరేళ్లలోపు పిల్లలే ఉంటారు. తనతో పెరిగినవాళ్లు ఎవరూ అక్కడ ఉండరు. కొందరు ఇళ్లకు వెళ్లి ఉంటారు, కొందరు బాలసదనాలకు మారి ఉంటారు. ఆయాలు కూడా మారుతుంటారు. "నిన్ను ఎత్తుకున్న ఆంటీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు" అనండి. ఉంటే మాత్రం వాళ్లు పాపను అక్కడి పాత పేరుతో పిలుస్తారు. ఆ పేరు పాపకు తెలుసా?

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. మన ఊళ్లలో పిల్లల పుట్టినరోజుకు అనాథాశ్రమానికి వెళ్లి పండ్లు, బిస్కెట్లు పంచి ఫోటో దిగడం అలవాటు. మీ చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "పాప చేతుల మీదుగా పంచండి, పుణ్యం" అని. దయచేసి ఆ పని చేయించకండి. అవే మంచాల మీద పడుకున్న పిల్లను తీసుకొచ్చి, దానం చేసేవాళ్ల వైపు నిలబెట్టడం అది. ఇవ్వాలనుకున్నది ఆఫీసులో అడిగి, పాప లేనప్పుడు ఇవ్వండి. పాప చేతికి తను వేసిన బొమ్మ, తన స్కూలు ఫోటో చాలు. దత్తత తర్వాత రెండేళ్ల పాటు మీ ఏజెన్సీ పంపిన రిపోర్టులతో అక్కడికి మీ కబుర్లు ఆగిపోయాయి. పెంచిన ఆయాకు ఆ పాప పెద్దదై ఎలా ఉందో చూసే అవకాశం ఎప్పుడో గానీ రాదు. ఆ ఫోటో ఆమెకు చిన్న విషయం కాదు.

అక్కడి పిల్లల ఫోటోలు మాత్రం తీయకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. వాట్సాప్ స్టేటస్ అయినా అంతే.

ఎవరో ఒకరు పాప తల నిమిరి "నీ అదృష్టం మంచిగుంది బిడ్డా, అమెరికా పోయినవ్" అంటారు. వాళ్లది మంచి మనసే. కానీ అదృష్టం అన్న మాట పదే పదే వింటే, తను బాధపడకూడదేమో అని పిల్ల అనుకుంటుంది. మీరు ఆ మాటను అనువాదం చేయాల్సి వస్తే ఉన్నదున్నట్టు చేసి, "ఆంటీ నిన్ను చూసి సంతోషపడుతోంది" అని కలపండి. మాటలు దాటేయకండి. మీరు వడగట్టి చెబుతున్నారని పాపకు తెలిసిపోతుంది.

ఒకసారి విదేశం నుంచి వచ్చిన ఒక కుటుంబంతో నేను వెళ్లాను. పన్నెండేళ్ల బాబు. తల్లి కళ్లు తుడుచుకుంటూనే ఉంది. బాబు మాత్రం "నా మంచం ఏది?" అని అడిగి, కిటికీ పక్కన ఉన్నదని చూపిస్తే, వంగి ఆ ఎత్తు నుంచి కిటికీలోంచి చూశాడు. పది నిమిషాల్లో ఇక వెళ్దామన్నాడు. ఇంతేనా అని తల్లి నీరసపడింది. మూడు రోజుల తర్వాత వరంగల్ కోటలో, రాతి తోరణం కింద, ఎండలో నిలబడి ఏడ్చాడు. అప్పుడు మొదలుపెట్టాడు ప్రశ్నలు.

అందుకే తిరుగు ప్రయాణానికి ముందురోజు ఈ పని పెట్టుకోకండి. ఎంగిలిపూల బతుకమ్మకు వారం ముందు వస్తే మేలు. దసరా సెలవుల్లో ఆఫీసులు దొరకవు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గరి జనంలో మనసు విప్పి మాట్లాడుకోవడం కుదరదు. వెళ్లొచ్చిన రోజు ఎవరింటికీ భోజనానికి ఒప్పుకోవద్దు. పాప రాత్రి మీ పక్కన పడుకుంటానంటే పడుకోనివ్వండి. నాలుగు రోజులు చిన్నపిల్లలా మారాం చేసినా లెక్కపెట్టకండి. నెల దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే మాత్రం డాలస్‌లోనే ఒక పిల్లల కౌన్సెలర్‌ను కలవండి.

తీరా ఆరోజు పొద్దున్నే "నేను రాను" అనొచ్చు. ఇన్ని వేల మైళ్లు వచ్చాం, అనుమతి తెచ్చుకున్నాం అని నచ్చజెప్పకండి. కారు గేటు దాకా తీసుకెళ్లి, దిగకుండా చూస్తానంటే చూపించి, భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. శిశుగృహ అధికారులకు ఈ సంగతి అనుమతి అడిగేటప్పుడే చెప్పి ఉంచండి, రాలేకపోతే ఫోన్ చేస్తామని.