జా ప్లేటులో పటికబెల్లం పలుకులు

ప్రశ్న: రాళ్లు నలిపే క్రషర్లకు మాంగనీస్ స్టీలు జా ప్లేట్లు (రాయిని నొక్కి పగలగొట్టే దవడ పలకలు) పోస్తున్నాం. కార్బన్ 1.2, మాంగనీస్ 13 శాతం. ల్యాబు రిపోర్టుకు వంక లేదు. కాగిన ప్లేట్లను నీళ్లలో ముంచి క్వెంచ్ కూడా చేస్తున్నాం. అయినా 90 మి.మీ. మందం ప్లేట్లు సగం అరగకముందే విరిగి వాపసు వస్తున్నాయి. మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ ఇస్తే బాగవుతాయా?
– ఒక ఫౌండ్రీ సూపర్‌వైజర్, చీమకుర్తి

జవాబు: కావు. విరిగిన ముఖాన్ని కడిగి ఎండలో పెట్టి చూడండి. పటికబెల్లం విరిచినట్టు కందిపప్పంత పలుకులు తళతళలాడుతుంటే తప్పు పోత దగ్గరే జరిగింది. ఆ పలుకులే స్టీలు లోపలి స్ఫటికాలు, వాటినే గింజలంటాం. మామూలు కార్బన్ స్టీలయితే నార్మలైజింగ్‌లో (కాల్చి గాలికి చల్లార్చడంలో) పాత గింజ పోయి సన్న గింజ పుడుతుంది. 1882లో హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ స్టీలుకు ఆ వెసులుబాటు లేదు. మీరిచ్చే హీట్ ట్రీట్‌మెంట్‌లో కార్బైడ్లు (కార్బన్‌తో ఏర్పడే పెళుసు కణాలు) కరుగుతాయే గానీ గింజ చిన్నది కాదు. అచ్చులో ఏది పడిందో అదే చివరిదాకా.

వేడిని ఫర్నేసులో కాదు, పోసే ముందు లాడిల్‌లో (కరిగిన లోహాన్ని అచ్చుకు మోసే పాత్రలో) వేడి కొలిచే థర్మోకపుల్ ముంచి కొలవండి. ఇంత మందానికి 1,420–1,450 డిగ్రీలు చాలు. అచ్చులో ప్లేటు పళ్ల అంచులు నిండవేమోనన్న భయంతో చాలామంది 1,500 దాటించి పోస్తారు. అప్పుడు అచ్చు ఇసుక కాగిపోయి ప్లేటు నిదానంగా గడ్డకడుతుంది, గింజలు బలుస్తాయి. చివర మిగిలిన ద్రవంలోకి భాస్వరం చేరి గింజల అంచున పెళుసు పొర కడుతుంది. గింజ పెద్దదైన కొద్దీ అంచులు తగ్గి ఆ పొర చిక్కనవుతుంది. పళ్ల అంచులు నిండాలంటే గేట్లు (లోహం అచ్చులోకి వెళ్లే దారులు) వెడల్పు చేసి త్వరగా పోయండి, వేడి మాత్రం పెంచకండి. రైజరుకు (గడ్డకట్టేటప్పుడు తగ్గే లోహాన్ని భర్తీ చేసే నిల్వ గూడుకు) దూరంగా ఉన్న చివర, వేడిని త్వరగా లాగేసే ఇనుప ముక్కలు, అంటే చిల్స్ పెట్టండి. వాటి మీద తుప్పు, తేమ ఉంటే మాత్రం గాలిబుడగలు ఖాయం.

గూడూరు సిలికా ఇసుక మామూలు స్టీలుకు మేలైనదే. ఇక్కడ మాంగనీస్ ఆక్సైడు దానితో కలిసి ప్లేటుకు అంటుకుపోతుంది. లోహం తగిలే పొరకు ఒలివిన్ అనే ఖనిజపు ఇసుక వాడండి.

క్వెంచ్‌కు ముందు 1,080 డిగ్రీల దగ్గర 4 గంటలు నిలపండి. తొట్టి నీళ్లు 40 డిగ్రీల లోపు ఉండాలి.

ఇంకో మాట. పరీక్షకు విడిగా పోసే 25 మి.మీ. టెస్ట్ బార్ త్వరగా గడ్డకడుతుంది కాబట్టి దాని ఫలితం ఎప్పుడూ బాగానే వస్తుంది. 90 మి.మీ. ప్లేటు నడుమ బలం అది చెప్పదు. ఒక ప్లేటును బలి ఇచ్చి మధ్యలో విరిచి చూడండి.

వాపసు వచ్చినవాటిని కరిగించుకోవచ్చు. అయితే ఇండక్షన్ ఫర్నేసులో భాస్వరం తగ్గదు; ప్రతి హీట్‌కూ (ఒక్కో విడత కరిగింపుకూ) కొలిచి 0.05 శాతం దాటనివ్వకండి.