పాత బండి బ్రేకులు: డిస్క్ వేయాలా, డ్రమ్మునే బాగు చేయించాలా?

ప్రశ్న (విశాఖపట్నం): మా ఇంట్లో 1972 అంబాసిడర్ మార్క్ 2 ఉంది. ఐదుగురం కలిసి అరకు వెళ్లివస్తుంటాం. దిగేటప్పుడు సగం ఘాట్ అయ్యేసరికి బ్రేకు పట్టడం తగ్గిపోతుంది. పెడల్ మాత్రం గట్టిగానే ఉంటుంది. ముందు చక్రాలకు డిస్కులు వేద్దామని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. పెడల్ గట్టిగా ఉందన్న మీ మాటలోనే సగం సమాధానం దొరికింది. బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. మీకు అలా కావడం లేదంటే ఆయిల్ ఒత్తిడి, డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే షూల దాకా చేరుతోంది. షూల మీద ఉండే రాపిడి పొర, అంటే లైనింగే వేడెక్కి పట్టు వదులుతోంది.

ఎంత వేడి పుడుతుందో ఒక లెక్క చూడండి. మనుషులతో కలిపి బండి 1,500 కిలోలు అనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆపితే బ్రేకుల్లో పుట్టే వేడి సుమారు 370 కిలోజౌళ్లు. అదే బండి 800 మీటర్ల ఎత్తు నుంచి కేవలం బ్రేకు మీదే దిగితే అలాంటి వేడి 30 సార్లకు పైగా పుడుతుంది. మూసి ఉన్న డ్రమ్ములో అది బయటికి పోయే దారి తక్కువ. డిస్క్ వేసినా ఈ లెక్క మారదు, చల్లారడం మాత్రం త్వరగా జరుగుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి నొక్కి వదిలేయాలి.

ఇక డ్రమ్ము విప్పి లైనింగ్ మీద మెరుపు ఎక్కడుందో చూడండి. మధ్యలో నాలుగు వేళ్ల మేర అద్దంలా మెరుస్తూ రెండు చివర్లూ మసిగా ఉంటే, షూ పూర్తిగా తగలడం లేదన్నమాట. డ్రమ్ములు లేత్ మీద గీయించి, షూలను మాత్రం అలాగే వేసిన బళ్లలో ఇది మామూలు. వ్యాసంలో 1 మిల్లీమీటరు గీస్తే డ్రమ్ము వ్యాసార్ధం అర మిల్లీమీటరు పెరుగుతుంది. పాత వంపుతో ఉన్న షూ మధ్యలోనే ఆనుతుంది. వేడంతా ఆ నాలుగు వేళ్ల మీదే పడి లైనింగ్ గాజులా గట్టిపడుతుంది. కొత్త లైనింగ్ వేయించి, ఏ షూని ఏ డ్రమ్ములో వేస్తారో దాని కొలతకే లేత్ మీద తిప్పించండి. రివెట్ తలలు లైనింగ్ పైభాగం కంటే కనీసం 1 మిల్లీమీటరు లోపలికి ఉండాలి. డ్రమ్ము లోపల నీలి మచ్చలుంటే అక్కడ ఇనుము వేడికి గట్టిపడిందని అర్థం. లేత్ పనిముట్టు ఆ మచ్చల మీద జారి గుబ్బలు మిగులుస్తుంది కాబట్టి అలాంటి డ్రమ్ము మార్చడమే మేలు. ఒక జాగ్రత్త: పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి.

ముందు చక్రాలకు ఒక్కోదానికి రెండేసి వీల్ సిలిండర్లు (ఆయిల్ ఒత్తిడితో షూలను తోసేవి), రెండేసి అడ్జస్టర్లు (షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ సరిచేసేవి) ఉంటాయి. రెండు అడ్జస్టర్లనూ విడివిడిగా చక్రం పట్టేసేదాకా తిప్పి, ఒక్కో మెట్టు వెనక్కి వదలాలి. తొందరలో ఒక్కటే తిప్పి వదిలేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. రబ్బరు హోసులు ముందు రెండు, వెనక ఇరుసు దగ్గర ఒకటి. మూడూ ఒకేసారి మార్చండి. పైకి బాగానే కనిపించే పాత హోసు లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. నొక్కినప్పుడు ఆయిల్ వెళుతుంది, వదిలాక వెనక్కి రాదు. ప్రయాణం ముగిశాక ఒక్క చక్రమే సలసలా కాగుతుంటే మొదట అనుమానించాల్సింది ఆ హోసునే.

ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు పెట్టగలిగితే, డిస్క్ కన్నా ముందు కొనాల్సింది రెండు గదుల మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసేది). మీ మోడల్లో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ దారి. ఒక్క హోసు పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి, చేతిలో మిగిలేది హ్యాండ్ బ్రేకొక్కటే. ఘాట్ రోడ్డు మీద కుటుంబంతో తిరిగే బండికి ఇంతకు మించిన ప్రమాదం లేదు. ముందూ వెనకా దారులు వేరైతే, ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది. సర్వో (తొక్కే బలాన్ని పెంచే పరికరం, బూస్టర్ అన్నా ఇదే) వేస్తే కాలికి శ్రమ తగ్గుతుంది. వేడెక్కే లైనింగ్‌ని కానీ పగిలే హోసుని కానీ అది బాగు చేయదు.

మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) కూడా చూసి కొనండి. 22.2 మిల్లీమీటర్ల బోరు తీసి 25.4 బోరు పెడితే లోపలి వైశాల్యం 30 శాతం పెరుగుతుంది. పెడల్ తక్కువ దూరమే దిగుతుంది కాబట్టి బ్రేకు బాగుపడినట్టు అనిపిస్తుంది. కానీ అదే పట్టు రావాలంటే 30 శాతం ఎక్కువ బలంతో తొక్కాలి.

డిస్కే కావాలనుకుంటే, ముందు చక్రాలకు డిస్కులతో వచ్చిన తర్వాతి అంబాసిడర్ నుంచి స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసు), హబ్ (చక్రం మధ్య భాగం), క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టేవి), బూస్టర్, మాస్టర్ సిలిండర్, పెడల్ అమరిక మొత్తం ఒకే బండివి తీసుకోండి. ఒక్కో భాగం ఒక్కో బండిది తెచ్చి బ్రాకెట్ వెల్డింగ్ చేయించొద్దు. క్యాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. బిగించాక ఖాళీ రోడ్డు మీద, తడి లేనప్పుడు, 40 వేగంలో గట్టిగా బ్రేకు వేయండి. ముందు చక్రాల కంటే వెనక చక్రాలు ముందే పట్టేస్తుంటే వెనక దారిలో ఒత్తిడి తగ్గించే వాల్వ్ తప్పనిసరి. అది లేకుండా వాన రోడ్డెక్కితే బండి వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది.

ప్రశ్న (గుంటూరు): పాత కారుకి ముందు డిస్కులు వేయించాం. మాస్టర్ సిలిండర్ మాత్రం పాతచోటే, ఫ్లోరు కిందే ఉంది. పొద్దున మొదటిసారి తొక్కితే పెడల్ నేల తాకుతుంది, రెండోసారికి సరిగా వస్తుంది. పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) నాలుగుసార్లు తీయించాం.

జవాబు: ఎయిర్ తప్పు కాదు. మాస్టర్ సిలిండర్ క్యాలిపర్ కంటే కింద ఉండటంతో బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా వెనక్కి జారుతోంది. ముందు పైపులో 2 పీఎస్ఐ (పీఎస్ఐ ఒత్తిడి కొలత) రెసిడ్యువల్ వాల్వ్, అంటే పెడల్ వదిలాక కూడా పైపులో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వ్, వేయించండి. డ్రమ్ములకు వాడే 10 పీఎస్ఐ వాల్వ్‌ని డిస్కు దారిలో పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ కాగిపోతాయి. పాత డ్రమ్ము మాస్టర్ సిలిండర్‌నే వాడుతుంటే దాని లోపల ఆ 10 పీఎస్ఐ వాల్వ్ ఉందేమో చూసి, ముందు దారి నుంచి తీయించాలి. వాల్వ్ వేశాకా పెడల్ అలాగే దిగుతుంటే హబ్ బేరింగుల్లో లూజు చూడండి. డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తే కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ప్రశ్న (కరీంనగర్): కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350. ముందు డ్రమ్ము బ్రేకు పేరుకే ఉంది. కొత్త బుల్లెట్ డిస్క్ వేయించనా?

జవాబు: ముందు పైసా ఖర్చులేని పని ఒకటి చేయండి. బ్రేకు పూర్తిగా పట్టి, డ్రమ్ము దగ్గరున్న క్యామ్ లివర్‌కీ కేబుల్‌కీ మధ్య కోణం చూడండి. అది 90 డిగ్రీలు ఉండాలి. లైనింగ్ అరిగిన బళ్లలో లివర్ ఆ కోణం దాటిపోతుంది. అక్కడి నుంచి ఎంత గట్టిగా పట్టినా బలం షూలకు చేరదు. తర్వాత ఇరుసు నట్టు కాస్త వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టి ఉంచి, అలాగే నట్టు బిగించండి. బ్రేకు ప్లేటు డ్రమ్ము మధ్యకు వచ్చి కూర్చుంటుంది.

అప్పటికీ లివర్ చేతిలో కొట్టుకుంటున్నట్టు ఉంటే డ్రమ్ము గుండ్రంగా లేదు. స్పోకులు బిగించే లాగుడికి హబ్బు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. కాబట్టి డ్రమ్మును రిమ్ముతో, బిగించిన స్పోకులతో సహా లేత్‌కి ఎక్కించి గీయాలి. హబ్బు ఒక్కటే గీయించి తర్వాత స్పోకులు కడితే డబ్బు వృథా.

ఇంకా కావాలంటే తర్వాతి బుల్లెట్లలో వచ్చిన 7 అంగుళాల, రెండు లీడింగ్ షూల (డ్రమ్ము ముందుకు తిరిగే లాగుడుతో ఇంకా గట్టిగా పట్టే షూల) బ్రేకు హబ్బుతో సహా వేయించుకోవచ్చు. బండి రూపం చెడదు, పట్టు స్పష్టంగా పెరుగుతుంది. రెండు క్యాములనూ కలిపే కడ్డీ సరిచేయడంలోనే దాని ప్రాణం ఉంది. రెండు షూలూ ఒకే క్షణంలో తాకకపోతే ఒక షూయే పని చేస్తున్నట్టు. ఎత్తు మీద ఆగినప్పుడు వెనక్కి జారకుండా ఈ బ్రేకు సరిగా పట్టదు. అక్కడ వెనక బ్రేకు వాడాలి.

డిస్క్ వేస్తే ఫోర్కు కింది భాగాలు, హబ్బు, ఇరుసు, క్యాలిపర్ డిస్క్ బండివే తీసుకోండి. పాత అల్యూమినియం ఫోర్కుకి క్యాలిపర్ బ్రాకెట్ వెల్డింగ్ చేస్తే అది విరిగేది గట్టిగా బ్రేకు వేసినప్పుడే. హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండర్ 12.7 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. రెండు డిస్కుల బండిదైన 15.9 పెడితే అదే చేతి బలానికి ఒత్తిడి 64 శాతమే వస్తుంది, లివర్ కర్రలా ఉంటుంది.

ప్రశ్న (హైదరాబాద్): ఏడాదిలో నెల రోజులే తిరిగే బండికి సిలికాన్ బ్రేక్ ఆయిల్ మంచిదా?

జవాబు: డాట్ 5 (డాట్ పక్క అంకె బ్రేక్ ఆయిల్ రకాన్ని చెబుతుంది) సిలికాన్ నీటిని పీల్చదు, పెయింట్ పాడుచేయదు. అయితే లోపలికి చేరిన తేమ కలవకుండా అడుగున నిలిచి వీల్ సిలిండర్‌లో గుంటలు తెస్తుంది. పెడల్ కూడా కొంచెం మెత్తగా అనిపిస్తుంది. డాట్ 3, 4, 5.1 లతో దాన్ని కలపకూడదు. మేమైతే డాట్ 4 వాడి రెండేళ్లకోసారి మార్చమంటాం. దాని మరుగు స్థాయి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, నీరు పీల్చాక 155. రబ్బరు కప్పులను పెట్రోలు, కిరోసిన్‌తో కడగనివ్వకండి. ఉబ్బి పాడైపోతాయి.

ప్రశ్న (వరంగల్): వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలనుకుంటున్నా. బ్రేకులు మారిస్తే ఇబ్బందా?

జవాబు: 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చిన ప్రకారం 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు బండికి ‘వీఏ’ అక్షరాలుండే వింటేజ్ సిరీస్ నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. బ్రేకుల పేరు అందులో లేదు. అయినా ఛాసిస్‌కి కోతలు, వెల్డింగ్ లేకుండా, బోల్టులతో బిగించి మళ్లీ తీయగలిగే మార్పే చేయండి. ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ వెళ్లొచ్చు. అక్కడ అసలు భాగాలకే విలువ కాబట్టి, విప్పిన డ్రమ్ములకూ బ్రేకు ప్లేట్లకూ గ్రీజు పూసి, ఏ చక్రానివో రాసి, గుడ్డ చుట్టి దాచండి.