రూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: పాత వైఫై రూటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. ర్యామ్ 64 ఎంబీ. ప్రకటనలు రాకుండా యాడ్‌బ్లాక్ ప్యాకేజీ కూడా వేశాను. రూటర్ పైఅంతస్తు గదిలో సజ్జ మీద ఉంటుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి సాయంత్రం ఇంటిల్లిపాదీ నెట్ వాడే వేళకు అది ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది. రూటర్ తనలో జరిగేవి రాసుకునే చిట్టా, అంటే లాగ్‌లో పాత వివరాలేవీ ఉండటం లేదు. ఫర్మ్‌వేర్ (రూటర్‌ను నడిపే ఆ సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించినా ఫలితం లేదు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఫర్మ్‌వేర్ జోలికి ఇక వెళ్లకండి. మీ రూటర్ లాగ్‌ను ర్యామ్‌లోనే రాసుకుంటుంది కాబట్టి రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అది తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని ముందుగానే బయటికి పంపే ఏర్పాటు చేయాలి. సిస్టమ్ సెట్టింగుల్లోని లాగింగ్ విభాగంలో ఇంట్లో ఎప్పుడూ నడిచే కంప్యూటర్ ఐపీ అడ్రసు, పోర్టు 514 ఇచ్చి, ఆ కంప్యూటర్‌లో సిస్‌లాగ్ (నెట్‌వర్క్ మీదుగా వచ్చే లాగ్ వాక్యాలు) అందుకునే ప్రోగ్రామ్ పెట్టుకుంటే రూటర్ పడిపోయేముందు పంపిన చివరి వాక్యాలు మీకు దక్కుతాయి. ఇలాంటి రూటర్లలో చాలావాటికి బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. లేచిన వెంటనే రాసే వాక్యాల్లో పాత తేదీ కనిపిస్తే కంగారుపడవద్దు, నెట్ అందాక అది సరి అవుతుంది.

మీరు సాయంత్రాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నారు గానీ, ఆ వేళకు మీ ఇంట్లో మూడు కారణాలు ఒకేసారి కలుస్తున్నాయి. వాడకం పెరిగి అడాప్టర్ మీద భారం పడుతుంది, అదే వాడకం వల్ల మెమరీ నిండుతుంది, పగలంతా ఎండలో కాగిన స్లాబు పొద్దుగూకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. వీటిని విడదీయాలంటే, తెల్లవారుజామున గది చల్లగా ఉన్నప్పుడు నాలుగైదు ఫోన్లలో ఒకేసారి పెద్ద డౌన్‌లోడ్లు నడిపించండి. మరో రోజు సాయంత్రం ఎవరూ నెట్ వాడకుండా రూటర్‌ను ఊరికే వదిలేయండి. చల్లని వేళ పడిపోతే అడాప్టర్‌నో మెమరీనో అనుమానించాలి, వాడకం లేకుండానే పడిపోతే వేడిని. వేడే కారణమని తేలితే సజ్జ మీద నుంచి దించి గాలి ఆడే చోట గోడకు తగిలించడం కన్నా వేరే వైద్యం అక్కర్లేదు.

నా అనుమానం మాత్రం ముందుగా అడాప్టర్ మీదికే పోతుంది. పాతబడిన అడాప్టర్‌ను ఉత్తగా మల్టీమీటర్‌తో కొలిస్తే 12 వోల్టులూ నిక్కచ్చిగా చూపించి, రూటర్‌కు తగిలించి వైఫై జోరుగా నడిచేటప్పుడు చతికిలబడుతుంది; అందుకని భారం మీదే కొలవాలి, లేదా అదే వోల్టేజీ, అంతే లేదా అంతకు మించిన ఆంపియర్లు, అదే పోలారిటీ (ప్లస్, మైనస్‌ల అమరిక) ఉన్న మరో అడాప్టర్‌తో కొన్నాళ్లు నడిపి చూడాలి. ఇన్వర్టర్ ఉంటే ఇంకో సంగతి: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లిప్తపాటు వ్యవధి కూడా రూటర్ రీస్టార్ట్ కావడానికి చాలు. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు మార్చండి.

ఇక మెమరీ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి 64 ఎంబీ అంటే అంచున నడవడమే. యాడ్‌బ్లాక్‌లో పెద్ద జాబితా ఎంచుకుంటే అడ్డుకోవాల్సిన సైట్ల పేర్లు లక్షకు పైగా ర్యామ్‌లో కూర్చుంటాయి. పైగా తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ కూడా ర్యామ్‌లోనే ఉంటుంది కనుక జాబితా దించుకునే సమయంలో భారం మరింత పెరుగుతుంది. బయటికి పంపిన లాగ్‌లో ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అన్న మాట కనిపిస్తే యాడ్‌బ్లాక్‌ను తీసేయండి, లేదా అతి చిన్న జాబితాతో సరిపెట్టుకోండి.

వీటిలో ఏదీ తేలకపోతే కెర్నల్ ప్యానిక్ (సాఫ్ట్‌వేర్ మూలభాగమే కుప్పకూలడం) అయి ఉండవచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ప్యానిక్ తరువాత 3 సెకన్లకు రూటర్ తనే రీస్టార్ట్ అయ్యేలా అమర్చి ఉంటుంది. ప్యానిక్ సమయంలో నెట్‌వర్కే పనిచేయదు కనుక ఆ వాక్యాలు సిస్‌లాగ్‌కు చేరడం అరుదు. కొన్ని మోడళ్లలో అవి పీస్టోర్ అనే ఫోల్డర్‌లో మిగులుతాయి, అయితే మీరు ప్లగ్గు పీకనంత వరకే. అదీ లేకపోతే రూటర్ రాసే వాక్యాలను తీగ ద్వారా నేరుగా కంప్యూటర్‌కు అందించే, బోర్డు మీది సీరియల్ పిన్నులే దిక్కు. చాలా రూటర్లలో వాటి వేగం సెకనుకు 115200 బిట్లు, వోల్టేజీ 3.3. యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌లోని గ్రౌండ్, పంపే, అందుకునే తీగలు మూడే కలపండి. కరెంటు తీగ కలపవద్దు, 5 వోల్టుల కేబుల్ అసలే వాడవద్దు.

ప్రశ్న: సెట్టింగులు మార్చాక రూటర్ లోపలికి వెళ్లలేకపోతున్నాను. ఇదీ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీనే. పడేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అక్కర్లేదు. కంప్యూటర్‌కు 192.168.1.2 అడ్రసు ఇచ్చి కేబుల్‌తో రూటర్‌కు కలపండి. రూటర్ ఆన్ చేశాక లైటు వేగంగా మిణుకుమనే సమయంలో బటన్ నొక్కితే, మీ సెట్టింగులను పక్కనపెట్టి లేచే ఫెయిల్‌సేఫ్ మోడ్ వస్తుంది. చాలా మోడళ్లలో అది రీసెట్ బటనే. ఎస్‌ఎస్‌హెచ్‌లో (కంప్యూటర్ నుంచి రూటర్‌కు ఆదేశాలు టైపు చేసే పద్ధతిలో) 192.168.1.1కు రూట్ పేరుతో వెళితే పాస్‌వర్డ్ అడగదు. అక్కడ ‘ఫస్ట్‌బూట్’ ఆదేశం ఇచ్చి రీబూట్ చేస్తే మీ మార్పులన్నీ పోయి మొదటి స్థితి వస్తుంది. ఫెయిల్‌సేఫ్ కూడా రాకపోతే రూటర్‌ను మొదట లేపే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ద్వారా, టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతితో ఫర్మ్‌వేర్ పంపాలి. ఆ పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న మోడల్ పేరును, దాని పక్కనే ఉండే హార్డ్‌వేర్ వెర్షన్‌ను సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి.