టెక్ సందేహాలు: పెద్దవాళ్ల నడకతో లైబ్రరీ దూరం కొలుద్దాం

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. వనస్థలిపురంలో మా కాలనీవాళ్లం నడుపుకునే చిన్న లైబ్రరీని చూసుకుంటున్నాను. సభ్యుల్లో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. ఈమధ్య చాలామంది రావడం మానేశారు. రిజిస్టర్ మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించాం. దాన్ని మ్యాప్ మీద పెట్టి, పుస్తకాలు ఎవరి ఇంటికి పంపాలో, కొత్త బ్రాంచి ఎక్కడ పెట్టాలో తెలుసుకోవచ్చా?

తప్పకుండా తెలుసుకోవచ్చు మాస్టారూ, పైసా ఖర్చు లేకుండా. మ్యాప్‌లు తయారుచేసే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఎవరైనా వాడుకోగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీకు చాలు. ఒక్క పొరపాటు మాత్రం చేయకండి. చాలామంది లైబ్రరీ చుట్టూ కిలోమీటరు వృత్తం గీసి, అందులో ఉన్నవాళ్లందరినీ దగ్గరివాళ్ల కింద లెక్కేస్తారు. మన హైదరాబాద్‌లో ఆ వృత్తాన్ని నమ్మలేం. మధ్యలో నాలా వస్తుంది, రైలు పట్టాలొస్తాయి, మూసీ వస్తుంది. మీ దగ్గరే చూడండి, విజయవాడ హైవేకి అవతలున్న ఇల్లు మ్యాప్‌లో పక్కనే ఉన్నట్టుంటుంది. ఆ రోడ్డు దాటడం పెద్దవాళ్లకు ఎంత టెన్షనో మీకు నాకంటే బాగా తెలుసు.

అందుకే వృత్తం బదులు నడక సమయాన్ని తీసుకోండి. క్యూజీఐఎస్‌లో ఓఆర్ఎస్ టూల్స్ అనే ప్లగిన్ (అదనపు టూల్) వేసుకుని, దారులు లెక్కకట్టే ఓపెన్‌రూట్‌సర్వీస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా నమోదైతే, లైబ్రరీ నుంచి ఇన్ని నిమిషాల్లో నడిచి చేరగలిగే ప్రాంతాన్ని దారుల వెంట లెక్కకట్టి గీసి ఇస్తుంది. అయితే అది గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్లవాళ్లకు 3 కిలోమీటర్లు అనుకోవడం న్యాయం. అంటే 15 నిమిషాల్లో 1,250 మీటర్లు కాదు, 750 మీటర్లే. నాలుగు వైపులా అంతే తగ్గేసరికి, చేరగలిగే ప్రాంతం మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. కాబట్టి పెద్దవాళ్ల 15 నిమిషాలు కావాలంటే ప్లగిన్‌లో 9 నిమిషాలు అని ఇవ్వండి.

ఎత్తుపల్లాలు తెలియాలంటే మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) నడిపే భువన్ పోర్టల్‌లో ఎత్తుల డేటా దొరుకుతుంది. అందులో చడావు తెలుస్తుంది గానీ మీ లైబ్రరీ గుమ్మం ముందున్న మెట్లు తెలియవు. దానికి కాలనీ పిల్లల ఆండ్రాయిడ్ ఫోన్లలో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేయించండి. ఇక్కడ ఫుట్‌పాత్ ఉందా, మెట్ల పక్కన ర్యాంప్ ఉందా, బెంచీకి ఆనుకునే వీలుందా అని అది అడుగుతుంది. పిల్లలు చెప్పిన జవాబులు నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి చేరతాయి. దారి మధ్యలో కూర్చోవడానికి ఒక బెంచీ ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఇల్లు కదిలే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు.

మీ రిజిస్టర్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పేరు, వయసు, ఇంటి నంబరు కలిపి మ్యాప్ మీద పెట్టకండి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల ఇళ్లు ఎక్కడో చూపించే మ్యాప్ తప్పుడు చేతుల్లో పడితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఎన్ఆర్ఎస్‌సీలతో కలిసి 2025లో తెచ్చిన డిజిపిన్ అనే చిరునామా కోడ్ ఇక్కడ పనికొస్తుంది. అందులోని 10 అక్షరాలు కలిస్తే సుమారు 4 మీటర్ల చదరం. మొదటి 7 మాత్రమే ఉంచుకుంటే దాదాపు 250 మీటర్ల చదరం అవుతుంది. వీధి తెలుస్తుంది, ఇల్లు తెలియదు. మీ పనికి అది చాలు.

సభ్యులు కాని పెద్దవాళ్ల లెక్క కోసం 2011 జనాభా లెక్కల వార్డు పట్టికలు వెతకాలనిపిస్తుంది. వాటిలో ఆరేళ్లలోపు పిల్లల సంఖ్య ఉంటుంది గానీ అరవై దాటినవాళ్లది విడిగా ఉండదు. పోలింగ్ బూత్‌ల వారీ ఓటరు జాబితాల్లో వయసులుంటాయి. బూత్‌కు ఎందరున్నారో అంకె మాత్రం రాసుకోండి, పేర్లు వద్దు.

ఇప్పుడు గత ఆరు నెలల్లో వచ్చినవాళ్లను ఒక రంగులో, మానేసినవాళ్లను ఇంకో రంగులో పెట్టి చూడండి. మానేసినవాళ్లు నడక పరిధి బయటే ఎక్కువగా ఉంటే పుస్తకాలను వాళ్ల దగ్గరికి పంపాల్సిందే. పరిధి లోపలే ఉంటే కారణం దూరం కాదు. బాత్రూమ్ కావచ్చు, పుస్తకాల్లో సన్న అక్షరాలు కావచ్చు, మీరు తెరిచే వేళ కావచ్చు. అలాంటివాళ్లలో నలుగురైదుగురికి ఫోన్ చేసి అడగండి.

కొత్త బ్రాంచి కన్నా, పెద్దవాళ్లు ఇప్పటికే చేరే పార్కులోనో గుడి దగ్గరో వారానికో రోజు పుస్తకాల పెట్టె పెట్టడం మంచిదని నా అభిప్రాయం. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరికీ తిప్పారు. మనకు ఆటో ఉంది. మ్యాప్ సిద్ధమయ్యాక ఒక ప్రతి గ్రంథాలయ సంస్థకూ ఇవ్వండి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనందరం కడుతున్నదే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: ఎక్సెల్‌లో తెలుగులో రాసిన వీధుల పేర్లు క్యూజీఐఎస్‌లోకి తెస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఎందుకు?

ఫైలును మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినట్టున్నారు. అందులో తెలుగు అక్షరాలు నిలవవు. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి. క్యూజీఐఎస్‌లోకి తెచ్చేటప్పుడూ ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి. లేబుళ్లకు నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెడితే ఒత్తులు సరిగా వస్తాయి.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. ముషీరాబాద్ నుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఒక్కతే వెళ్తానంటోంది. గూగుల్ మ్యాప్స్ చూసుకోగలదా?

చూసుకోగలరు. ముందు సెట్టింగ్స్‌లో యాప్ భాషను తెలుగుకు మార్చండి. దారి వెతికేటప్పుడు బస్సు, రైలు గుర్తు నొక్కితే కనిపించే ఆప్షన్లలో తక్కువ నడక, వీల్‌చైర్‌కు వీలైన దారి అనేవి ఉంటాయి. అవి ఎంచుకోండి. మెట్రో గ్రీన్ లైన్‌లో ముషీరాబాద్ తర్వాత ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ఆ తర్వాత చిక్కడపల్లి, అంటే రెండో స్టేషన్‌లో దిగడమే. మొదటిసారి మీరూ వెంట వెళ్లి, లిఫ్ట్ రోడ్డుకు ఏ వైపు దిగుతుందో ఆవిడకు చూపించండి. ఆ సంగతి మ్యాప్‌లో సరిగ్గా తెలియదు.